ఐర్లండ్ రిజిస్టర్లలో తల్లిగారిల్లు

డార్మ్‌స్టాట్‌లో మేము అద్దెకున్న ఇంటికి ఓనరు కింది అంతస్తులోనే ఉండేది. డెబ్భై దాటిన ఒంటరి మనిషి. మొదటి రోజే తనను పేరు పెట్టి పిలవమంది. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఆంటీ అన్నాను. ఎవరి వైపు నుంచి ఆంటీ అని అడిగింది, నిజంగానే తెలుసుకుందామని. ఎవరి వైపూ కాదు, మా దగ్గర పెద్దవాళ్లందరూ ఆంటీలే అన్నాను. ఉన్న చుట్టాల్ని సరిచూసుకోలేక చస్తుంటే ఇంకోటా అని పకపకా నవ్వింది.

ఆవిడది లివర్‌పూల్. జర్మన్ని పెళ్లి చేసుకుని నలభై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చింది. ఆయన పోయాడు. ఇంగ్లిష్ ఆమె మాతృభాష, కానీ ఆ లివర్‌పూల్ యాస నాకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. నేను బి.వన్ పరీక్షకు చదివిన జర్మనూ, ఆమె నలభై ఏళ్లు వాడి కూడా సరిగా పట్టుబడని జర్మనూ కలిపి మా ఇద్దరికీ ఒక భాష తయారైంది. మా ఆయన దాన్ని కీచులాట అనేవాడు.

అప్పుడు బ్లూ కార్డుల మీదా, స్టూడెంట్ వీసాల మీదా మనవాళ్లు దండిగా దిగుతున్న కాలం. పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్ రైలెక్కితే పెట్టెలో ఏదో ఒక మూల తెలుగు వినిపించకుండా ఉండదు. ఇల్లు దొరకడం మాత్రం గగనం. మూడు నెలల జీతం స్లిప్పులు చూపించు, అప్పులు సరిగా కట్టావని షూఫా కాగితం చూపించు, పిల్లలున్నారా, పియానో ఉందా అని అందరూ ఆరా తీస్తుంటే ఈవిడ ఒకటే ప్రశ్న వేసింది, మీ ఇద్దరిలో కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లెవరు అని. నేను చెయ్యెత్తాను. తాళాలు నా చేతిలోనే పెట్టింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నేను నెలలు నిండి మూటర్‌షుట్స్ అనే ప్రసూతి సెలవులో ఇంట్లో కూర్చున్నాక గానీ తెలియలేదు.

ఒకరోజు పిలిచి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్‌కు టెర్మిన్, అంటే ఆసుపత్రివాళ్లు ఇచ్చిన తేదీ, ఎప్పటికో ఉంది. తెర మీద నూటముప్ఫయ్యేళ్ల కిందటి ఒక ఐరిష్ చర్చి రిజిస్టరు పేజీ ఉంది. ఫాదర్ ఎవరో లాటిన్‌లో, చీమలు పాకినట్టు రాసిన రాత. నాకు కళ్లు కావాలి, నీకు పని లేదు, చదివి పెట్టు అంది. ఆమె అడిగే పద్ధతే అది.

విషయం ఏమిటంటే, ఆవిడ అమ్మమ్మ ఐర్లండ్ నుంచి ఒంటరిగా లివర్‌పూల్‌కు వచ్చిన మనిషి. తరువాత కొన్నేళ్లకు ఆమె చెల్లెళ్లూ తమ్ముళ్లూ కూడా వచ్చారు. వాళ్లలో వాళ్లు ఒకే వాడలో ఉండేవాళ్లు, ఈమెను మాత్రం దూరంగా పెట్టారు. ఈమె మా ఇంట్లో పెరగలేదు, ఎక్కడినుంచో తెచ్చుకున్న పిల్ల అనేవాళ్లట. ఆమె కోపం వస్తే ఎవరికీ తెలియని ఏదో భాషలో తిట్టేది. అది చూసి దేశదిమ్మరుల పిల్ల అని కూడా అన్నారు. ఆంటీ వాళ్లమ్మ కూడా ఆ మాట పడుతూనే పెరిగింది. చుట్టాల పెళ్లిళ్లలో ఫొటో తీసేటప్పుడు, నువ్వు పక్కకు జరుగమ్మా, ఇది ఇంటివాళ్ల ఫొటో అనేవాళ్లట. ఆ మాట చెప్పేటప్పుడు ఆంటీ గొంతు పెరిగింది. అమ్మ పోయి ఇరవై ఏళ్లయినా ఆ కోపం చల్లారలేదు.

ఇప్పుడు లివర్‌పూల్‌లో ఉన్న వరుసకు అన్న ఒకాయన, అమ్మమ్మ చిన్న తమ్ముడి మనవడు, చుట్టాలందరినీ పిలిచి పెద్ద కలయిక ఒకటి పెట్టుకున్నాడు. గోడంత వంశవృక్షం గీయిస్తున్నాడు. అందులో ఆ ఇంటి పిల్లలు ఆరుగురు. ఆంటీ అమ్మమ్మ లేదు. అడిగితే, రుజువు పంపు పెడతాను అన్నాడట. ఎనభై ఏళ్ల ముసలాడు, చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవాడు, బ్యాంకు మేనేజరులా మాట్లాడాడు అని ఆమె బాధ. అమ్మమ్మ ఆ ఇంటి బిడ్డేనా కాదా, ఆమెకు తేలాల్సింది ఇదొక్కటే.

అప్పటికే ఆమె చాలా వెతికింది. ఐర్లండ్ నుంచి అమెరికాకు పోయినవాళ్లకు ఓడల జాబితాలు ఉంటాయట. లివర్‌పూల్‌కు పోయినవాళ్లకు ఏమీ ఉండవు, మనం ఏరు దాటి అవతలి ఊరికి పోయినట్టు టికెట్టు కొని ఎక్కేయడమే. పాత జనాభా లెక్కలు చాలావరకు నాశనమైపోయాయి. మిగిలింది 1901ది, 1911ది. 1901లో ఆ ఇంట్లో అమ్మమ్మ పేరు లేదు. 1911 నాటికి ఆమె లివర్‌పూల్‌లో ఉంది కాబట్టి ఆంటీ దాన్ని తెరవనే లేదు. ప్రభుత్వ జనన రిజిస్టర్లో అమ్మమ్మ పేరున్న ఆడపిల్లలు ఆ జిల్లాల్లో డజన్ల కొద్దీ ఉన్నారు, ఉన్నవే నాలుగు పేర్లు ఆ దేశంలో. ఇక చర్చి రిజిస్టరు. అమ్మమ్మ తండ్రి ఊరి పారిష్‌లో, అంటే ఆ ఊరి చర్చి పరిధిలో, ఆరుగురి జ్ఞానస్నానాలూ వరసగా దొరికాయి. ఏడోది దొరకలేదు. ముందు పేజీలూ వెనక పేజీలూ మళ్లీ నా చేత చదివించింది. నేను కూడా లేదన్నాక, సరే, ముసలాడు చెప్పిందే నిజమేమో అని లాప్‌టాప్ మూసేసింది.

మరుసటి వారం మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆంటీ వంటింట్లోనే ఉన్నాను. అమ్మకు విజిటర్ వీసా వచ్చింది, టికెట్టు కూడా అయింది. అయినా రోజూ అదే పాట.

"తొలి కాన్పు తల్లిగారింట్ల కాకుంటె నలుగురు నన్నేమంటరే? తల్లికి చాత కాలేదంటరు."

"అమ్మా, ఇప్పుడు నన్ను ఫ్లైట్ ఎక్కనియ్యరు. నువ్వే వస్తున్నవ్ కద."

"నేనొస్తె అది తల్లిగారిల్లు అయితదా? అది నీ ఇల్లు. ఏడో నెలల్నే తోలుకపోతనంటె విన్నవా?"

"ఏడో నెలల ఆఫీస్ ఎవలు చేస్తరే? ఫోన్ పెట్టెయ్."

గట్టిగానే అరిచి ఉంటాను. ఆంటీ స్టవ్ దగ్గర నుంచి తిరిగి, ఎవరైనా పోయారా అని అడిగింది. ఎవరూ పోలేదు, మొదటి బిడ్డను కనడానికి నేను మా అమ్మ ఇంటికి వెళ్లలేదని గొడవ అన్నాను. అమ్మ ఇంటికి ఎందుకు, ఆసుపత్రి అక్కడ బాగుంటుందా అంది. ఆసుపత్రి సంగతి కాదు, అది మా ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఆడపిల్లను తల్లిగారు వచ్చి తీసుకుపోతారు. కాన్పు అక్కడే. బిడ్డకు కొన్ని నెలలు నిండాక మెట్టినింటికి పంపుతారు. మా నాన్నది కరీంనగర్ వైపు. అయినా నా పాస్‌పోర్టులో పుట్టిన ఊరు మానుకోట అని ఉంటుంది, అమ్మమ్మ వాళ్ల ఊరు. ఇక్కడ ఆన్‌మెల్డుంగ్‌కు, అంటే చిరునామా నమోదుకు, వెళ్లినప్పుడు ఆఫీసావిడ మీ తల్లిదండ్రులు అక్కడ ఉండేవాళ్లా అని అడిగింది. లేదన్నాను. మరి ప్రయాణంలో అనుకోకుండా పుట్టారా అని జాలిపడింది. ఇదంతా నేను చెబుతుంటే ఆంటీ నవ్వుతుందని ఎదురుచూశాను. నవ్వలేదు.

"ప్రతి బిడ్డకూ వెళతారా?" అంది.

"మొదటిదానికి తప్పకుండా. తరువాతవి వీలును బట్టి."

"ఎంత దూరమైనా?"

"ఎంత దూరమైనా."

ఆమె లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చింది. అమ్మమ్మ తల్లిదండ్రుల పెళ్లి రికార్డు అందులో ఉంది. పెళ్లి జరిగింది తండ్రి ఊళ్లో కాదు. పెళ్లికూతురి పారిష్‌లో, మేయో కౌంటీలో సముద్రం వైపు, బండి మీద రెండు రోజుల దారి. ఆ కాగితం ఏళ్ల తరబడి ఆమె దగ్గరే ఉంది. ఆ పారిష్‌లో జ్ఞానస్నానం ఉంటుందని ఆమెకు తట్టనే లేదు. నెలలు నిండిన మనిషి ఆ రోడ్ల మీద అంత దూరం ఎవరు వెళతారు అంది. ఎవరు వెళ్లకుండా ఉంటారు అన్నాను నేను.

ఆ వారమంతా ఆ పారిష్ రిజిస్టరే చదివాను. కడుపు బల్లకు తగులుతుంటే కుర్చీ పక్కకు తిప్పుకుని, మెడ వంచి చదవడం. తడిసి ఆరిన పేజీలు, సిరా వెలిసిపోయి గోధుమరంగు తిరిగిన అక్షరాలు. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే కిందికి తొంగిచూసి, "ఏందీ, ఇంకా వాళ్ల తాతల్ని తవ్వుతనే ఉన్నరా? మన బిడ్డకు పేరు ఎప్పుడు ఎతుకుతవ్?" అనేవాడు. ఆ తల్లిదండ్రుల పెళ్లయిన పది నెలల నాటి ఒక పేజీ అడుగున అమ్మమ్మ దొరికింది. బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు. అన్నీ సరిపోయాయి. జ్ఞానస్నానంలో సాక్షిగా నిలబడినామెది కూడా ఆ పుట్టింటి ఇంటిపేరే. మేనత్త కాదు, పిన్నమ్మో అమ్మమ్మో అయి ఉండాలి.

ఆంటీ నా చేత మళ్లీ మళ్లీ చదివించుకుంది. తరువాత టీ పెడతానని లేచి, టీ బ్యాగు వేయకుండానే వేడినీళ్ల కప్పు నా ముందు పెట్టింది. నేను తాగేశాను.

ఊరు తెలిశాక 1901 లెక్కల్లో ఆమెను పట్టుకోవడం పెద్ద పని కాలేదు. అదే పల్లెలో, అదే ఇంటిపేరున్న ముసలమ్మ ఇంట్లో ఉంది. ఇంటి పెద్దకు ఏమవుతుంది అన్న చోట మనవరాలు అని రాశారు. ఏ భాష మాట్లాడుతుంది అన్న చోట ఐరిష్, ఇంగ్లిష్ అని ఉంది. తండ్రి ఊళ్లో ఉన్న ఆ ఇంటి పిల్లలందరికీ ఆ గడి ఖాళీగా ఉంది, ఇంగ్లిష్ తప్ప రాదని దాని అర్థం. అమ్మమ్మ కోపంలో తిట్టింది ఏ భాషలోనో ఆంటీకి అప్పుడు తెలిసింది. దేశదిమ్మరుల భాషట, దేశదిమ్మరుల భాష అని తనలో తనే రెండుసార్లు అనుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రమే అన్నగారికి ఫోన్ చేసింది. అన్నీ చెప్పింది. నాకు సగమే అర్థమైనా, ఆమె ముఖం మారడం కనిపించింది. ఫోన్ పెట్టేసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తరువాత చెప్పింది. ఆయన అన్నదేమిటంటే, పుట్టింది నిజమే, ఒప్పుకుంటాను, కానీ ఇచ్చేశారుగా. ఇరవై ఏళ్లకు కూడా తీసుకురాలేదంటే ఇచ్చేసినట్టే. ఇచ్చేసిన బిడ్డ ఇంటి బిడ్డెలా అవుతుంది? చెట్టు ఇంటివాళ్లది.

ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఆంటీ కోసం ఒక పాలు అయితే నా కోసం మూడు పాళ్లు. ఎందుకంటే నేనూ అలాగే పెరిగాను. నాకు ఏడాది నిండకముందే అమ్మకు మళ్లీ నెల తప్పింది. ఇద్దరు చంటిపిల్లల్ని చూసుకోలేకపోతుందని నన్ను మానుకోటలో అమ్మమ్మ దగ్గర ఉంచేశారు. బడికి పోయే వయసు దాకా అక్కడే ఉన్నాను. కరీంనగర్ వచ్చిన కొత్తలో మా తమ్ముడు నన్ను చూపించి, ఈ అక్క ఎప్పుడు పోతది అని అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వేదాన్ని. నన్ను ఇచ్చేశారని ఎవరైనా అని ఉంటే ఏమయ్యేదాన్నో తెలియదు.

పైకి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. మళ్లీ కాన్పు గొడవే అనుకుని ఆమె సిద్ధంగా ఉంది.

"అమ్మా, నన్ను అమ్మమ్మ దగ్గర ఎందుకు ఇడిసిపెట్టినవే?"



"ఇడిసిపెట్టుడేందే? ఇడిసిపెట్టుడు అంటరా దాన్ని? మీ అమ్మమ్మ సాదుతనన్నది, మీ నాయినమ్మ ఊకోమన్నది. నన్నెవలు అడిగిన్రు? నిన్ను ఆడ ఉంచి బస్సెక్కి వచ్చిన. పాలు గడ్డకట్టి వారం జరమొచ్చింది. అది ఎవలకన్న చెప్పుకునేదా?" అని ఆగి, "కడుపుతోని ఉన్నప్పుడు గిసొంటియి అడుగద్దు," అని తనే పెట్టేసింది.

నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. ముప్ఫై ఏళ్లుగా అడగని ప్రశ్నకు జవాబు అంత చిన్నదిగా ఉంటుందనుకోలేదు. మా ఆయన భయపడి హెబామెకు, అంటే మాకు కుదిరిన మంత్రసానికి, ఫోన్ చేయబోయాడు. వద్దన్నాను.

ఆంటీ ఆ మర్నాడు ఫైలు కట్టేసింది. రుజువు దొరికినా పనికిరాలేదు, ఇక నీ బిడ్డ సంగతి చూసుకో అంది. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ అమ్మమ్మను కన్న తల్లి ఏమనుకుంది? నలుగురూ ఇచ్చేసిన బిడ్డ అంటుంటే ఆమె కూడా అలాగే అనుకుందా? అది ఎక్కడా రాసి ఉండదని తెలుసు. అయినా, తెరవకుండా వదిలేసిన 1911 లెక్కలు ఒక్కసారి చూద్దామన్నాను. అమ్మమ్మ అప్పటికి లివర్‌పూల్‌లో ఉంది, ఏముంటుంది అందులో అని ఆంటీ విసుక్కుంది. నేను వినలేదు. ఊరు తెలుసు, ఇల్లు తెలుసు, తెరవడానికి ఎంతసేపు.

తండ్రి ఊరి ఇంట్లో అప్పటికి మిగిలింది భార్యాభర్తలూ, పెళ్లికాని ముగ్గురు పిల్లలూ. సంతకం చోట ఇంటిపెద్ద వేలిముద్రకు బదులు గీసిన ఒక ఇంటూ గుర్తు, పక్కన పోలీసు సాక్షి సంతకం. ఆ రోజుల్లో చదువురాని ఇళ్లలో లెక్కలకు వచ్చిన పోలీసే అడిగి రాసుకునేవాడట. భార్య వరుసలో, చదవడం రాదు, రాయడం రాదు. దాని పక్కన 1901లో లేని గడులు కొన్ని ఉన్నాయి. పెళ్లయిన ఆడవాళ్లను మాత్రమే అడిగినవి. పెళ్లయి ఎన్నేళ్లయింది. ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎందరు. వాళ్లలో బతికి ఉన్నవాళ్లు ఎందరు.

ఏడుగురు. ఏడుగురు.

నేను పైకి చదివాను. ఆంటీ కళ్లద్దాలు తుడుచుకుని, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వచ్చి తనే చూసింది. ఆ రెండు అంకెలూ పెద్దగానే ఉన్నాయి, శుక్లాలున్నా కనిపించేంత. ఇరవై ఏళ్లు తన ఇంట్లో లేని బిడ్డను, సముద్రం దాటిపోయిన బిడ్డను, గుమ్మంలో నిలబడి అడిగిన పోలీసుకు ఆ తల్లి నా పిల్లల్లోనే లెక్క చెప్పింది. బతికే ఉంది అని కూడా చెప్పింది. అంటే ఆమెకు కబురు తెలుస్తూ ఉండేదన్నమాట.

ఆంటీ అక్కడే నిలబడి అన్నగారికి ఫోన్ చేసింది. ఈసారి నేను కూడా వినాలని స్పీకర్ పెట్టి, ఆయన్ని నిదానంగా మాట్లాడమంది. 1911 కాగితం చూశావా అని అడిగింది.

"చూడకపోవడమేమిటి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను. మా తాత పేరుంది దాంట్లో."

"పిల్లలెందరు అన్న చోట ఏం రాసి ఉంది?"

"ఏడని ఉంది. అది తప్పు. ఇంట్లో ఎప్పుడూ ఆరుగురేగా. పోలీసు వినడంలో పొరపాటు పడి ఉంటాడని మేమందరం ఎప్పుడో అనుకున్నాం."

ఆంటీ ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుంది. ఆమె అరుస్తుందనుకుని నేను ఫోను వైపు చెయ్యి చాపాను. అరవలేదు. అంత నిదానమైన ఇంగ్లిష్ ఆమె నోట నేను అంతకుముందు వినలేదు, ప్రతి మాటా నాకు అర్థమైంది.

"ఆ పోలీసు ఒకే గొంతు నుంచి రెండుసార్లు విన్నాడు. పుట్టింది ఏడుగురు అంది, ఉన్నది ఏడుగురు అంది. చదువు రాదు కాబట్టి కన్నవాళ్లను లెక్కపెట్టుకోవడం కూడా రాదనుకున్నారా?"

 ఆయన ఫోన్ కింద పెట్టి ఎక్కడికో నడిచి వెళ్లిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి తిరిగి వచ్చాడు. హాల్లోని ఫ్రేము అద్దంలోంచి ఆ రెండు గడులూ మళ్లీ చూసి వచ్చానన్నాడు. తరువాత గొంతు సవరించుకుని, మీ అమ్మమ్మ పేరు స్పెల్లింగు చెప్పు, అందరికంటే పెద్దది కదా, పైనుంచి రాయించాలి అన్నాడు.